చిలక ఏ భాగంలో ఉండాది?

"కూసోమ్మా టీచరమ్మా, బస్సు యాడికీ పోదు. కండక్టరు గంగప్ప ఈడ్నే టీ తాగతాండాడు గదా, ఆయప్పను ఇడిసిపెట్టి అది మదనపల్లెకి ఒంటిగా పోతాదా? నువ్వడిగింది సిన్న మాట కాదు. ఏ భాగం నుంచి మొదులు పెట్టాల అని అడిగితివే, ఆ మాట నన్నడిగితివి కాబట్టి సరిపాయె. ఈ పుంగనూర్లో ఇంకొకర్ని అడిగింటే తప్పు దావన పోయుంటావు."

వెంకటప్ప ఇట్లా మొదలుపెట్టాడు. బస్టాండు ఎదురుగా ఖాదర్ వలి టీ అంగడి. వెంకటప్ప సెనక్కాయల మండీలో కాటా పట్టే మనిషి. కాటా దగ్గర వంద గ్రాముల తేడా రానివ్వడు, నోటి దగ్గరికొస్తే మాత్రం బస్తాలు బస్తాలు ఎక్కువ తూస్తాడు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. అయినా ఆయన నోరు తెరిస్తే టీ చల్లారిపోయేదాకా కూర్చుని వింటారు. మేమూ అంతే.

ఆ శనివారం పొద్దున ఆయన్ని అడిగినామె ఇందిరమ్మ, బీడీలు చుట్టేవాళ్ల వీధిలో వయోజన విద్య టీచరు. ఆమెకు కూర్చునే ఓపిక లేదు. చేతిలో గుడ్డసంచి, సంచిలో లావుపాటి పుస్తకం, కళ్లేమో బస్సు మీద. బెంచీ చివర ఆనుకుని ఒక్క నిమిషం కూర్చుంటుంది, మళ్లీ లేస్తుంది. పక్కన గుల్జార్ బీ నిలబడి ఉంది. ఆమె బీడీలు చుడుతుంది, ఇందిరమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకుంటోంది, టీచరమ్మను బస్సెక్కించి పోదామని తోడొచ్చింది.

సంగతేమంటే, ఆ ఏడు, అంటే ఎనభై ఎనిమిదిలో, రీడింగ్ రూములో పెట్టిన టీవీలో ఆదివారం పొద్దున 'ధూమ్రకోట' అని ఒక హిందీ సీరియల్ వచ్చింది. మంత్రగాళ్లూ మాయకోటలూ ఉన్న పన్నెండు భాగాల పెద్ద నవలను తీసుకుని చేశారు. నవల తెలుగులోనూ ఉంది, మదనపల్లెలో అద్దె పుస్తకాల అంగట్లో దొరుకుతుంది. పదమూడు వారాలు వచ్చి, కథ ఇంకా నడుస్తూ ఉండగానే సీరియల్ ఆగిపోయింది. ఆ పదమూడు వారాలూ టీవీ పక్కన నిలబడి, హిందీ రాని వాళ్లకు తెలుగులో చెప్పింది మన వెంకటప్పే. ఇందిరమ్మ మాత్రం ఒక్క వారమూ చూడలేదు. ఆదివారం వస్తే ఆమె కుప్పంలో తల్లి దగ్గరికి పోతుంది.

"మిగతా కథ నేను చదివి వినిపిస్తా, బడికి రండి అని మాటిస్తి వెంకటప్పన్నా," అంది ఇందిరమ్మ. "మొదటి రోజు ముప్పై మంది వచ్చిరి. ఒకటో భాగం చదివితే ఇది మాకు తెలుసు, ముందుకు పొమ్మనిరి. రెండు చదివితిని, మూడు చదివితిని. మూడో భాగంలో రాకుమారి మంటల్లో పడి చచ్చిపోతుంది. చచ్చిపోలేదు టీచరమ్మా, చిలకైంది, చిలకై ఎగిరి మంత్రగాడి కోటలోకి పోయింది అంటారు. ఆ చిలక నాకు యాడా దొరకలేదు. నిన్న బడికి వచ్చింది తొమ్మిది మంది. సోమవారం సూపర్‌వైజరు వస్తాడు. ఇరవై మంది లేకపోతే బడి మూసేస్తామని కాగితం కూడా పంపించినాడు. అంగడాయన ఒకసారికి ఒక భాగమే ఇస్తాడు, తప్పు భాగం తెచ్చుకున్నానా, ఇంక అంతే. నువ్వు నవలంతా చదివినావంట గదా. చిలక ఏ భాగంలో ఉండాదో చెప్పు, అది తెచ్చి ఆడినుంచే మొదలుపెడతా."

"సదివినావా అని అడగొద్దమ్మా, ఎన్నిసార్లు అని అడుగు. సిలక గదా. సిలక సంగతి సెప్పాలంటే ముందు ఆ పుస్తకం నా సేతికి ఎట్ల వచ్చిందో సెప్పాల. ఎక్కువేం లేదు, సిన్న సంగతే. డెబ్బై ఆరులో అనుకో, మండీకి గోతాలు తెచ్చేదానికి మదనపల్లెకి పోయినా. వాన పట్టుకునె. ఆ పుస్తకాల అంగడి సూరు కింద నిలబడితి. నిలబడితే సెయ్యి ఊరుకుంటాదా, ఎదురుగా ఉండే ఒకటో భాగం తీస్తి. వాన నిలిసేలోగా ఒకటో భాగం అయిపాయె. అంతే. ఇది గొప్పగా సెప్పుకునే మాటేం కాదు, వాన కొంచెం పెద్దదే."

"ఎంతసేపు వాన?" అడిగాడు ఖాదర్ వలి, పాలు పొంగకుండా చూసుకుంటూ.

"అర్ధగంట."

"పుస్తకమేమో నాలుగు నూర్ల పేజీలు."

"పెద్ద అచ్చరాలు భాయ్. పైగా నేను పేజీకి రెండు పక్కలా ఒకేసారి సదవతా. ఎడమ కంటితో ఎడమ పక్క, కుడి కంటితో కుడి పక్క. మండీలో కాటా సూసి సూసి వచ్చిన అలవాటది, ఒక కన్ను రాళ్ల మీద, ఒక కన్ను బస్తా మీద. సరే, రెండూ మూడూ సంచిలో ఏసుకుని గంగప్ప బస్సెక్కినా. పుంగనూర్లో దిగేలోగా అవీ అయిపాయె. ఆ పొద్దు టికెట్టు కొట్టింది ఈ గంగప్పే, కావాలంటే అడుగు."

గంగప్ప గ్లాసులోకి చూస్తూ అన్నాడు, "ఆ పొద్దు నువ్వు కిటికీకి తల ఆనిచ్చి గురక పెడతా ఉంటివి గదప్పా."

"గురక కాదప్పా అది. రెండో భాగంలో రాచ్చసుడు నిద్దరపోతాడు సూడు, ఆ గురక యాభై పేజీలుంటాది. బాగా సదివేటోడు గొంతుతో సదవతాడు. నీ బస్సులో అందురూ నిద్దరపోయినాడనుకున్నారు, అదీ నా సదువు."

"సరే అన్నా, ఆ మూడు భాగాల్లో చిలక లేదని నాకూ తెలిసిందే," అంది ఇందిరమ్మ. డ్రైవరు బస్సు దగ్గరికి నడిచిపోతున్నాడు. ఆమె లేచి నిలబడింది. "అయితే నాలుగో భాగమేనా? నాలుగు తెచ్చుకునేదా?"

వెంకటప్ప కూడా లేచాడు. ఆ పొద్దున ఆయనకూ కుదురు లేదు, బెంచీ మీద నుంచి లేచి స్తంభం దగ్గరికి, స్తంభం దగ్గర నుంచి పొయ్యి దగ్గరికి తిరుగుతూనే ఉన్నాడు. అలవాటుగా టీ చెప్పడం కూడా మరిచిపోయాడు.

"నాలుగు జోలికి పోవద్దు. టీవీ సూసినోళ్లు నాలుగులో మొదులు పెడితే తల తిరగతాది. యాలంటే టీవీ వాళ్లు ఏం సేసినారంటే, నాలుగులో ముక్క తెచ్చి ఒకటిలో పెట్టినారు, ఆరులో ముక్క తెచ్చి రెండులో పెట్టినారు. అందుకని టీవీ సూసినోడు పుస్తకం పడితే యాడ నిలబడి ఉండాడో వానికే తెలవదు. దానికొక లెక్క ఉండాది, ఆ లెక్క నాకొకడికే తెలుసు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగు, ఐదు, ఆరు మండీలో గోతాల మీద కూసోని సదివేస్తి, మూడు ముద్దలు తినేలోగా మూడు భాగాలు, సంగటి ఆరను కూడా ఆరలే. మల్లా మదనపల్లెకి పోతే ఏడో భాగం అంగట్లో లేదు. యాడికి పాయె అంటే, కుప్పం ఆయప్పొకడు తీసుకుపోయినాడు, వాడు ఈ పొద్దు బెంగుళూరు రైలెక్కతాండాడు అనె. ఊరుకుంటానా? రాళ్ల లారీ ఒకటి పోతాంటే ఎక్కి కుప్పం స్టేషన్లో దిగితి. దిగేసరికి రైలు కదిలిపోయె."

"అంతే గదా, తిరిగొచ్చేస్తివి," అన్నాడు గంగప్ప.

"ఆ మాట కండక్టరంటాడు, సదివేటోడు అనడు. కిటికీ పక్కన ఆయప్ప కూసోనుండాడు, ఒళ్లో ఏడో భాగం. ఇయ్యప్పా అంటే, నేను సదవతాండా, ఇయ్యను అనె. సరే, నువ్వూ సదువు, నేనూ సదువుతా అని పక్కనే పరిగెత్తేది మొదులు పెడితి. కిటికీలోంచి తల పెట్టి సదవతా పరిగెత్తతాండా. పట్టాల పక్కన కంకర, కాలికి సెప్పుల్లేవు, కండ్లు మాత్రం పుస్తకం మీద."

"రైలు వేగం పెరగతాది గదా," అన్నాడు ఖాదర్ వలి.

"రైలు వేగం నాకు సరిపాయె భాయ్. ఆయప్ప సదివే వేగమే సరిపోలే. మైలుకొక పేజీ. నేను పేజీ అడుగు వరసకొచ్చేసి, తిప్పప్పా, తిప్పప్పా అని అరస్తా పరిగెత్తాల్సొచ్చె. గుడుపల్లిలో రైలు నిలిసె, నేను నిలవలే. సదివే ఊపులో అర మైలు ముందుకు పోయి, మల్లా పేజీ కోసరం వెనక్కి వస్తి. కామసముద్రం దాటినాక ఆయప్పకి నిద్దర పట్టె. అప్పుడు కిటికీలోంచి సెయ్యి పెట్టి నేనే తిప్పుకున్నా. బంగారుపేట స్టేషన్ మాస్టరు నన్ను సూసి, ఈ బండికి ఒక మనిషిని ఎక్కువ తగిలించినారే అని రాసుకున్నాడు. ఆడికి ఏడూ ఎనిమిదీ అయిపాయె."

"ఎనిమిదో భాగం యాడి నుంచి వచ్చె?"

"ఆయప్ప తలకింద పెట్టుకోనుండె."

బస్సు హారన్ మోగింది. ఇందిరమ్మ సంచి భుజానికి తగిలించుకుంది. "ఏడులో చిలక ఉండాదా లేదా, ఒక్క మాట చెప్పన్నా. నాకు బస్సు పోతుంది."

"ఏడులో ఈక ఉండాది."

"ఏమి?"

"సిలక ఈక. పచ్చటిది. ఏడులో ఈక దొరకతాది, ఎనిమిదిలో గూడు దొరకతాది."

"అయితే ఏడు తెచ్చుకుంటా. ఈక నుంచి మొదలుపెడితే చిలక అదే వస్తాది."

"ఆగమ్మా, తొందరపడొద్దు," వెంకటప్ప ఆమెకూ బస్సుకూ మధ్యలోకి వచ్చేశాడు. "ఈక నుంచి మొదులు పెడితే ఆడోళ్లు సిలక యాడ అంటారు, ఈక తెచ్చి సూపిస్తావా? అది మోసం గదా. టీవీ సూసినోళ్లు ఈ పుస్తకాన్ని వెనక నుంచి సదవాల. పన్నెండు మొదులు పెట్టి ఒకటికి రావాల. రాజు ముసలోడై ఉంటాడు, పేజీలు తిప్పేకొద్దీ పడుసోడు అవతాడు, ఆఖర్న పుడతాడు. నేనట్లా ఒకసారి సదివినా, సదివినాక నాకే రెండేండ్లు వయసు తగ్గె. మండీలో సేటు గుర్తు పట్టలే."

గంగప్ప నవ్వి గ్లాసు బల్ల మీద పెట్టాడు కానీ బస్సు వైపు కదల్లేదు. డ్రైవరు మళ్లీ హారన్ కొట్టాడు. ఇందిరమ్మకు మాత్రం నవ్వు రాలేదు.

"నాకు కోపం తెప్పించొద్దు వెంకటప్పన్నా. ఆ బడి పోతే మళ్లీ రాదు. సిద్ధమ్మ నిన్న మొదటిసారి తన పేరు తానే రాసుకుంది. నలభై ఏండ్ల మనిషి, రాసి చూసుకుని ఏడ్చింది. సోమవారం మూసేస్తే ఆమె ఆడితో ఆగిపోతుంది. అందుకని అడుగుతాండా. తెలిస్తే తెలుసను, లేకపోతే లేదను."

వెంకటప్ప తల గోక్కున్నాడు. ఒక్క క్షణం ఆయన మొహంలో ఏదో తడబాటు కనిపించింది. లేదు అనేస్తాడేమో అనుకున్నాం. కానీ ఆ మాట ఆయన నోటికి అలవాటు లేదు.

"తెలుసునమ్మా, తెలుసు కాబట్టే ఇంత దూరం సెప్తాండా. అసలు సంగతి ఇప్పుడు వస్తాది. సిలక పన్నెండు భాగాల్లో యాడా లేదు."

"లేదా?"

"లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పన్నెండూ అయిపోయినాక నాకు కడుపులో ఒకటే మంట. రాకుమారిని మూడో భాగంలో సంపేస్తివి, మిగిలిన తొమ్మిది భాగాలు ఎవురి కోసరం రాస్తివయ్యా అని రాసినాయన్ని అడగాల. ఆయన సల్లగాలికి హార్స్లీకొండకి వచ్చి ఉండాడని తెలిసె. నడిసి పోయినా, ఈడ బయలుదేరి ఆడికి పోయేసరికి సెప్పులు అరిగి కాళ్లకే తొడుగులైపోయినాయి. పోతే ఆయన తల పట్టుకోని కూసోనుండాడు. వెంకటప్పా, వచ్చినావా, నీ కోసరమే సూస్తాండా అనె. నా పేరు ఆయనకి ఎట్ల తెలుసని అడగొద్దు, తెలుసు. ఆ అమ్మిని మంటల్లో ఏసేస్తి, పుస్తకం అచ్చయిపాయె, నాకు నిద్దర పట్టడంలే అని ఏడిసె. నేనంటి, సామీ, ఏడవొద్దు, ఆ అమ్మి సావలే, సిలకైంది, నువ్వు పొగలో సూసుకోలే. అంతే. ఆయన లేసి నన్ను కావిలిచ్చుకుని, పదమూడో భాగం మొదులు పెట్టె. నేను సెప్తాండా, ఆయన రాస్తాండాడు. సిరా అయిపాయె. నేరేడుపండ్లు పిండి పోసినాము. ఇప్పుటికీ ఆ పుస్తకం తెరిస్తే సీమలు వస్తాయి."

"అది సరే," ఖాదర్ వలి గ్లాసులు కడుగుతూ అడిగాడు, "టీవీ వాళ్లకు ఆ చిలక ఎట్ల తెలిసె మరి?"

"నేనే సెప్తి. వాళ్లు బొంబాయి నుంచి హార్స్లీకొండకి నేరుగా వచ్చిరి, హెలికాప్టరు దిగే తావు లేకపోతే నేనే రెండు యూకలిప్టస్ సెట్లు పక్కకి వంచి పట్టుకుంటి. వాళ్లకు పదమూడో భాగమంతా హిందీలో సెప్తి. నా హిందీ విని వాళ్లే వాళ్ల హిందీ దిద్దుకున్నారు."

అంతవరకూ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడిన గుల్జార్ బీ అప్పుడు మొదటిసారి నోరు విప్పింది. "హిందీ యాడ నేర్చుకుంటివి వెంకటప్పన్నా?"

"సోలాపూరుకి సెనక్కాయలు తీసుకుపోయినాంలే అక్కా, లారీలో. మూడు దినాల దావ. మొదటి దినం డ్రైవరు మాట్లాడె, రెండో దినం నేను మాట్లాడితి, మూడో దినానికి లారీకే వచ్చేసె. హారన్ కూడా హిందీలో కొట్టేది."

అంగట్లో అందరూ నవ్వారు. గుల్జార్ బీ కూడా నవ్వింది.

"అయితే ఆ పదమూడో భాగం యాడుండాది?" ఇందిరమ్మ అడిగింది. ఆమె నమ్ముతోందో లేదో మాకు అర్థం కాలేదు. నమ్మక తప్పని మనిషి మొహం అట్లా ఉంటుందేమో.

వెంకటప్ప బస్సు వైపు ఒకసారి చూశాడు. బస్సు ఇంజను స్టార్టయింది. ఆయన ఇంకా గొంతు పెంచాడు.

"ఒకటే ప్రతి. అచ్చు కాలే. రాసినాయన, ఇది నీ సొత్తే వెంకటప్పా అని నా సేతిలో పెట్టె. దాన్ని జాగ్రత్తగా దాసిపెడదామని గుర్రంకొండ కోట పైకి పోతి. ఎక్కేసరికి రాయి మీద సిరతపులి. సామాన్యమైంది కాదు, తోక కొండ కింద ఉండాది. పరిగెత్తుదామంటే బరువు, పుస్తకం పదకొండు కిలోలు, నేను తూసినా. ఏం సేయాల? ఒక పేజీ తీసి గట్టిగా సదివితి. ముందు కాళ్లు ముడుసుకోని కూసునె. మనిషి కంటే నయమమ్మా, మధ్యలో టీ అడగదు. నేను నిలిపితే గుర్రుమంటాది, మల్లా సదవతా. సిలక కోటలోకి పోయే తావుకు వచ్చేసరికి దాని కండ్లలో నీళ్లు. మూడు దినాలు సదివినా, గొంతు పోయె."

"మరి ఎట్ల వదిలించుకుంటివి?"

"అచ్చరాలు నేర్పిస్తి భాయ్. ఒక దినంలో ఓనమాలు, రెండో దినానికి గుణింతాలు, మూడో దినం తనే సదువుకునె. టీచరమ్మ బడిలో నెలలు పడతాది, అది అడవిలో ఉండేది గదా, బుర్ర ఖాళీగా ఉండె. పుస్తకం దాని ముందర పెట్టి దిగొచ్చేస్తి. ఇప్పుటికీ ఆ భాగం దాని దగ్గరే ఉండాది."

"సంతకం పెట్టించుకోలేదా?" గంగప్ప అడిగాడు.

"వేలిముద్ర ఏసె. సదవను వచ్చె గానీ సంతకం పట్టుబళ్లే."

అంగడంతా పగలబడి నవ్వింది. నవ్వుల్లోనే గంగప్ప లేచి బస్సు వైపు పోయాడు. ఇందిరమ్మ కూడా కదిలింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"రాసినాయన ఊరు పుస్తకాల అంగడాయనకు తెలుసుంటాది," అంది, మాతో కాదు, తనలో తాను అన్నట్టు. "అడిగి, అవసరమైతే ఆయన దగ్గరికే పోతా. ఆదివారం ఒక్కటి ఉండాది. చిలక ఉండే కాగితం ఒక్కటి దొరికినా చాలు."

ఆమె ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టింది. గుల్జార్ బీ పరుగున పోయి సంచి పట్టుకుంది.

"బస్సెక్కొద్దు టీచరమ్మా. ఆ చిలక యాడా లేదు."

"ఇప్పుడే గదా సెప్తి, సిరతపులి..." అన్నాడు వెంకటప్ప.

"వెంకటప్పన్నా, నాకు హిందీ వస్తుందప్పా." గుల్జార్ బీ గొంతు పెంచలేదు. "మేము ఇంట్లో మాట్లాడేది ఉర్దూ గదా, టీవీలో వాళ్లు మాట్లాడేది దానికి దగ్గరే. పదమూడు వారాలు నాకు రెండూ వినబడతాండె, వాళ్లు చెప్పేదీ, నువ్వు చెప్పేదీ."

ఖాదర్ వలి కడుగుతున్న గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఆయనకూ ఆ భాష వచ్చు, కానీ ఆదివారం పొద్దున అంగడి వదిలి ఆయన ఎన్నడూ టీవీకి పోలేదు.

"మొదటి వారం ఆ రాజు కొడుకు కొండచిలవతో కొట్లాడినాడంటివి. వాడు వాళ్ల మామను పెండ్లికి ఒప్పుకోమని అడగతాండె. టీవీలో బొమ్మ పోయి చుక్కలు చుక్కలు వస్తాంటే అదే కొండచిలవ అంటివి. తొమ్మిదో వారం ఇద్దరు ముసలోళ్లు కూచోని పొలం గట్టు గురించి అర్ధగంట మాట్లాడిరి. వాళ్లు మంత్రాలు వేసుకుంటాండారంటివి. ఆరో వారం ఆ అమ్మి నిజంగానే చచ్చిపాయె అన్నా. అది చితి. అందరూ ఏడుస్తాండిరి టీవీలో. నువ్వు టీవీ వైపు చూసి ఒక గడియ మాట్లాడలే. తర్వాత, అది హోమం, దాంట్లోంచి చిలక ఎగిరిపోయింది చూడండి అంటివి. మేమంతా చప్పట్లు కొడితిమి."

వెంకటప్ప బెంచీ మీద కూర్చున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు, "నీకొకదానికే తెలుసా?"

"నా పక్కన కూచోని బీడీలు చుట్టే జరీనాకు తెలుసు. మా వీధిలో ఉర్దూ మాట్లాడే వాళ్లందరికీ తెలుసు. ఆ పొద్దే ఇంటికి పోతా దావలో మిగతా వాళ్లకూ చెప్పేస్తిమి."

"అందురికీ తెలిసీ, ఏడు వారాలు నా ఎదురుగా కూసోని ఇంటిరా?"

"వచ్చే వారం ఇంకా ముందే వచ్చి కూచుంటిమి. కండ్లు టీవీకిచ్చినాం, చెవులు నీకిచ్చినాం."

ఎవరూ నవ్వలేదు. వెంకటప్ప రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని నేల చూస్తున్నాడు. ఇంతసేపూ అటూ ఇటూ తిరిగిన మనిషి అట్లా కదలకుండా కూర్చుంటే మాకే ఏదోలా అనిపించింది.

"అందరికీ తెలిస్తే నాకెందుకు చెప్పలేదు గుల్జార్ బీ?" ఇందిరమ్మ ఫుట్‌బోర్డు దిగింది. "నెల రోజులుగా ఆ చిలక కోసం నేను తిరగతాంటే, ఒక్క మాట అనకపోతిరి."

"మేమూ ఆశపడితిమి టీచరమ్మా," అంది గుల్జార్ బీ. "టీవీలో చచ్చిపోయినా, రాసినాయన పుస్తకంలో ఆ అమ్మిని బతికించి ఉంటాడేమో అనుకుంటిమి. ఈ వెంకటప్పన్నకు తోచింది ఆయనకు తోచకుండా ఉంటాదా అని. మూడో భాగంలో నువ్వు చదివితివి, ఆమె కాలి బూడిదైపాయె. ఆ మరుసటి రోజు నుంచి ఎవురికీ రాబుద్ధి కాలే. నేను కూడా నీ మొగం చూసి వస్తాండా."

గంగప్ప బస్సులోంచి తల బయటపెట్టి, "ఎక్కతావా టీచరమ్మా?" అని అడిగాడు. ఇందిరమ్మ వద్దని చెయ్యి ఊపింది. బస్సు కదిలి, దుమ్ము రేపుకుంటూ మదనపల్లె రోడ్డెక్కింది.

ఇందిరమ్మ వచ్చి వెంకటప్ప ఎదురుగా నిలబడింది. సంచిలోంచి మూడో భాగం తీసి బెంచీ మీద పెట్టింది. "సోమవారం మూడు గంటలకి బడికి రావాల నువ్వు. సూపర్‌వైజరు వచ్చేది మూడున్నరకి. నువ్వొస్తాండావని ఈ పొద్దే వీధంతా చెప్పేస్తా. కోటలోకి పోయినాక చిలక ఏం చేసిందో నువ్వు చెప్పు. ఒక్కో మాట నేను పలక మీద రాస్తా, వాళ్లు చూసి రాసుకుంటారు."

"నేనా?" వెంకటప్ప పుస్తకాన్ని ముట్టుకోలేదు. "నాకు హిందీ రాదమ్మా. ఈ పుస్తకం అట్ట తప్ప నేను సూడలే. పుస్తకంలో లేంది నేనెట్ల సెప్పేది? అది అబద్దం గదా."

ఖాదర్ వలి ఒక టీ తెచ్చి ఆయన పక్కన పెట్టి పోయాడు. ఆ మాట వెంకటప్ప నోట వింటామని మేమెవరం అనుకోలేదు.

"టీవీ పక్కన నిలబడి సెప్పడం వేరు," అన్నాడాయన మళ్లీ, మెల్లగా. "అందురూ టీవీనే సూస్తాండారులే అని ధైర్యం. ఆడ టీవీ ఉండదు. ముప్పై మంది నన్నే సూస్తా ఉంటారు, అబద్దమని తెలిసే సూస్తా ఉంటారు. నాకు బయ్యంగా ఉండాదమ్మా."

గుల్జార్ బీ చీర కొంగు సర్దుకుని, ఇందిరమ్మ చెయ్యి పట్టుకుని వీధి వైపు తిరిగింది. రెండడుగులు వేసి ఆగింది.

"నిన్ను నిజం చెప్పమని మేము ఎప్పుడడిగినామన్నా? నీ ఇష్టమొచ్చినట్ల చెప్పు. ఆ అమ్మిని మాత్రం చంపొద్దు."